నలుగురికే తెలిసిన గేటు

సెక్రటరీని కాల్చినప్పుడు ఫ్యాక్టరీ లోపల ఎవరికీ వినపడలేదు.

మధ్యాహ్నం రెండు గంటలు, షిఫ్టు మారే వేళ. పక్క గేటు దగ్గర అతను గుర్తింపు కార్డు కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. ఎదురుగా ఆగిన మోటార్‌సైకిలు మీద వెనక కూర్చున్నవాడు మూడుసార్లు కాల్చాడు. ఇరవై అడుగుల దూరంలో, గోడకి ఇవతల, నిమిషానికి నాలుగువందల సీసాలు నింపే ఫిల్లర్ మెషీను నడుస్తూనే ఉంది. సీసాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ, క్యాపులు బిగించుకుంటూ, లేబుళ్ళు అంటించుకుంటూ పోతూనే ఉన్నాయి. లేబుళ్ళ దగ్గర నిలబడ్డది అతని భార్యే. మొగుడి ప్రాణం పోయాక కూడా పదకొండు నిమిషాలపాటు ఆవిడ లేబుళ్ళు వంకరగా పడుతున్నాయేమోనని చూసుకుంటూనే ఉంది.

అతను రోజూ వచ్చేది పెద్ద గేటునుంచి. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయని ఆ ఒక్కరోజే గేటు మార్చాడు. ఆ సంగతి తెలిసింది అతనితో కలిపి నలుగురికి. అందులో ఒకడు పోయాడు. మిగిలింది ముగ్గురు.

ఆరో రోజున, మరో దేశంలో, పళ్ళ డాక్టరుకీ దర్జీ కొట్టుకీ మధ్యనున్న గదిలో ఫిట్టరు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తలుపు మీద 'కార్మికుల ఫెడరేషన్, పాత ఫైళ్ళు' అని బోర్డు ఉంది. పాత ఫైళ్ళ కోసం ఎవరూ రారు కాబట్టి ఆ బోర్డు. లోపల ఉన్నది సెక్షన్ సెవెన్. బెదిరింపుల్లో ఉన్న యూనియన్ మనుషుల్ని ప్రాణాలతో నిలబెట్టడం దాని పని. మొత్తం ఆరుగురు ఏజెంట్లు, ఫిట్టరు వాళ్ళలో ఒకడు. వాళ్ళ చీఫ్ ఒకప్పుడు ఫెడరేషన్‌లో టైపిస్టు. ఇప్పటికీ అందరూ ఆవిణ్ణి టైపిస్టనే అంటారు, ఎదురుగా మాత్రం అనరు.

"ఫొటో చూడు," అంది టైపిస్టు. "పోయినాయన భార్య. యూనియన్ ఇప్పుడు ఆవిణ్ణే సెక్రటరీగా ఎన్నుకుంది. వచ్చే శుక్రవారం ఆవిడ విమానం ఎక్కాలి. శనివారం మన మహాసభలో మాట్లాడాలి. కాల్చిందెవరో, కాల్పించిందెవరో ఆవిడ దగ్గర పేర్లున్నాయి. ఆవిడ నోరు విప్పితే పద్నాలుగు దేశాల్లో అదే కంపెనీ ప్లాంట్లన్నీ ఒక షిఫ్టు ఆపుతామని మాటిచ్చారు."

"ఆవిడ రాలేకపోతే?"

"సంతాప తీర్మానం. టైపు చేసి పెట్టుకున్నాను కూడా. ఇరవై ఏళ్ళలో అలాంటివి నలభై ఒకటి టైపు చేశానయ్యా. ఈ నలభై రెండోది చింపించే పని నీది."

ఫిట్టరు ఫొటో తిప్పి చూశాడు. "అవతలివాళ్ళు?"

"కన్సల్టెన్సీ. పరాయి దేశపు ముఠా. పేరుకి సెక్యూరిటీ సలహాలు. ముగ్గురు దిగారు, పెద్ద హోటల్లో. వాళ్ళకి లోపల్నుంచి సమాచారం అందుతోంది. ద్రోహి ఎవరో తేలకుండా ఆవిణ్ణి కదిలించామా, మనమే పట్టుకెళ్ళి అప్పజెప్పినట్టు."

"మన మనిషి ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ ఉంది. కంపెనీలో విజిటర్స్ ఆఫీసరు, లోపల్లోపల కన్సల్టెన్సీ ఏజెంటు. మొన్న తనంతట తనే మనకి కబురు పెట్టింది. నమ్మొచ్చో లేదో తెలీదు. చాలా అందంగా ఉంటుందట, ఇప్పటికి ధ్రువపడింది అదొక్కటే. ఆవిడ 'మూడో లైన్లో గాస్కెట్ కారుతోంది' అంటుంది. నువ్వు 'కారనివ్వండి, నేలకీ దాహమే' అనాలి."

"ఇంత చెత్త కోడు ఎవరు రాశారు?"

"నేనే."

"బాగుంది."

ఆవిడ సొరుగులోంచి బఠాణీ గింజంత రిసీవరు తీసి బల్ల మీద పెట్టింది. కుడిచెవిలో దూర్చుకుంటే మైలు దూరాన ఉన్న ట్రాన్స్‌మీటరు మాటలు వినిపిస్తాయి. ఎడమచెవి ఊసు ఇద్దరూ ఎత్తలేదు. పద్దెనిమిదేళ్ళు ఫిల్లర్ మెషీను పక్కన నిలబడ్డవాడికి ఎడమచెవి ఉన్నా లేనట్టే.

ఫిట్టరు ఆ ఊరి ఫ్యాక్టరీలోకి మెషీను కంపెనీ పంపిన సర్వీస్ ఇంజనీరుగా ప్రవేశించాడు. నెరిసిన మీసం అతికించుకున్నాడు, మందపాటి కళ్ళజోడు పెట్టుకున్నాడు. వాటిని ఎవరూ పట్టించుకోలేదు. చేతుల్ని చూసి నమ్మారు. గోళ్ళకింద గ్రీజు, బొటనవేలు మీద పాత కాలిన మచ్చ. అలాంటి చేతులు మేకప్‌తో రావు.

మెషీన్లుండే హాల్లో ఒకరి మాట ఒకరికి వినపడే ప్రసక్తే లేదు. అక్కడ మనుషులు పెదాలు చదువుతారు, చేతుల్తో మాట్లాడతారు. తలపైన పిడికిలి ఎత్తితే లైను ఆపమని. రెండు వేళ్ళు పెదాలకి ఆనిస్తే టీకి పోదామని. ఫిట్టరుకి ఇవన్నీ తన ఊరి భాషే. వేరే దేశం, వేరే గోడలు, అవే సైగలు. మొదటిరోజు అరగంటలో అతను ముగ్గురితో జోకులాడాడు, నోరు తెరవకుండా.

ముగ్గురు అనుమానితుల్లో మొదటివాడు యూనియన్ ప్రెసిడెంటు. అందరూ పెద్దాయన అంటారు. ఫిల్లర్ దగ్గర ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. రెండోది పోయినవాడి భార్య, లేబుళ్ళ దగ్గర పనిచేసే ఆవిడ. మూడోవాడు ఆవిడ తమ్ముడు. హాల్లోంచి సీసాలు పేర్చిన పాలెట్లు బయటికి మోసే ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు.

ఊరు ఊరంతా తీర్పు చెప్పేసింది. ద్రోహి తమ్ముడే.

అతను పాలెట్ ఎత్తుకుని లేబుళ్ళ పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా అక్క మొహం తిప్పుకోవడం ఫిట్టరు చూశాడు. రోజుకి నలభైసార్లు వెళ్ళాలి. నలభైసార్లూ తిప్పుకుంది.

లోడింగ్ షెడ్డులో అతను ఒంటరిగా రొట్టె తింటుంటే ఫిట్టరు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"నీ వెనక ఏమనుకుంటున్నారో తెలుసా?"

"వెనక కాదండి, నా ముందే అనుకుంటున్నారు. పెదాలు చదవడం నాకూ వచ్చని మర్చిపోయారు." రొట్టె చుట్టిన కాగితాన్ని మడతమీద మడత పెట్టాడు. "బావ ముందురోజు చెప్పాడు, 'ఒరే, రేపు పక్క గేటునుంచి వస్తాను' అని. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు నేను. బావని మోసుకెళ్ళేటప్పుడు భుజం పట్టబోయాను. అక్క నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. కొట్టినా బాగుండేదండి."

ఆ సాయంత్రం ఫిట్టరు ఆ డ్రైవరు అక్క ఇంటికి వెళ్ళాడు. తనెవరో చెప్పాడు. ఒక్కటే గది. మేకుకి మొగుడి డ్యూటీ చొక్కా వేలాడుతోంది, ఇంకా ఉతకలేదు. కిటికీ గట్టు మీద గ్లాసులో రెండు బ్రష్‌లున్నాయి. చదవాల్సిన ఉపన్యాసాన్ని పనికిరాని లేబుళ్ళ వెనకవైపు రాసుకుంది ఆవిడ.

"మీ తమ్ముడే అని మీకు నమ్మకమా?"

"ముగ్గురమే కదండీ. నేను కాదు. పెద్దాయన మా పెళ్ళికి సాక్షి సంతకం పెట్టిన మనిషి, ఆయన కాదు. ఇంక మిగిలిందెవరు?" లేబుళ్ళని బల్ల మీద తట్టి సరిచేసింది. "ఆలోచిస్తే వాడే. మనసే ఒప్పుకోవట్లేదు. అమ్మ పోయాక వాడికి బూట్ల లేసు కట్టడం నేర్పింది నేనే. ఆ వేళ్ళతో ఫోను తీసి చెప్పాడా అని రాత్రింబవళ్ళు అదే ఆలోచన."

రోజులు గడుస్తున్నాయి. ఫిట్టరు ఎందుకొచ్చాడో పెద్దాయనకీ తెలుసు. ఆయన ప్రతిరోజూ గేటెదుటి క్యాంటీన్లో ఫిట్టరుని పక్కన కూర్చోబెట్టుకుని, చెవిదగ్గర నోరు పెట్టి గుసగుసలాడేవాడు. "వాడి మీద కన్నేసి ఉంచవయ్యా. నాకు చెప్పడానికే నోరు రావట్లేదు, వాణ్ణి ఎత్తుకుని తిప్పాను." ఫిట్టరు కూడా ఆయన చెవిలో గుసగుసగా జవాబిచ్చేవాడు. చుట్టూ హాలు మనుషులు టీ తాగుతూ, పెదాలు చూసుకుంటూ, ఎవరి గొడవలో వాళ్ళున్నారు. అద్దాల కిటికీ దగ్గర సూట్లు వేసుకున్న ఆఫీసు మనుషులు కాఫీ తాగుతున్నారు. ఎవరూ తలెత్తలేదు.

బుధవారం నాలుగింటికి హోటల్ లాబీలో, కుండీ మొక్క వెనకనున్న సోఫాలో, ఆ అందమైనావిడ కూర్చుని ఉంది. ఎర్ర బూట్లు, ముత్యాల దండ, ఫ్యాషన్ పత్రిక. ఫిట్టరు పక్క సోఫాలో కూర్చున్నాడు.

"మూడో లైన్లో గాస్కెట్ కారుతోంది," అంది పత్రికలోకి చూస్తూ.

"కారనివ్వండి, నేలకీ దాహమే."

ఆవిడ ఉలిక్కిపడింది. రిసెప్షన్ దగ్గర ఇద్దరు ఇటు తిరిగారు.

"మెల్లగా!" అంది ఆవిడ.

"మెల్లగానే అన్నానే."

"మీరు అరిచారు."

ఫిట్టరుకి మొదట అర్థం కాలేదు. ఆవిడ పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఈసారి అతని కుడివైపుకి జరిగి, పెదాలు అతనికి కనపడేలా తిరిగి, నెమ్మదిగా మాట్లాడింది.

"మీకు ద్రోహి పేరు కావాలి. లేడు. మీ ముగ్గురిలో ఎవరూ ఎవరినీ అమ్మలేదు. నేను చేసిందల్లా ఆ క్యాంటీన్లో కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగడమే. మీ పెద్దాయన సెక్రటరీ చెవిలో నోరు పెట్టి, 'రేపు పక్క గేటునుంచి రా, మూడో కంటికి తెలియనివ్వకు' అన్నాడు. మూడు టేబుళ్ళ అవతల ఉన్న నాకు గంట కొట్టినట్టు వినపడింది."

"పక్కవాళ్ళు..."

"పక్కవాళ్ళందరూ ఆ హాలు మనుషులే కదా. వాళ్ళకి వినపడితే కదా, 'అరుస్తున్నావయ్యా' అని చెప్పడానికి. ఆయన గుసగుస ఎంత పెద్దదో ఈ ముప్ఫై ఏళ్ళలో ఆయనకి చెప్పినవాళ్ళు లేరు."

ఫిట్టరు చెయ్యి కుడిచెవి దగ్గరికి వెళ్ళింది. వారం రోజులు ఆయన పక్కనే కూర్చున్నాడు తను. కుడిచెవిలో రిసీవరు, ఎడమచెవిలో పద్దెనిమిదేళ్ళ మెషీను. వెతకడానికి వచ్చినవాడికే చెవుల్లేవు.

"మీరెందుకు ఇటు తిరిగారు?"

"పనిలోంచి తీసేస్తారనుకున్నాను. కాల్చేస్తారనుకోలేదు." ముత్యాల దండని వేలికి చుట్టుకుని వదిలేసింది. "మా నాన్నది గాజు కొలిమిలో పని. నాకు పెళ్ళిచూపులు జరుగుతుంటే, 'అబ్బాయి నాకు నచ్చలేదే' అని మా అమ్మ చెవిలో రహస్యంగా అన్నాడు. పెళ్ళివారు లేచి వెళ్ళిపోయారు. మేం ఏడాదిపాటు నవ్వుకున్నాం. ఆరోజు క్యాంటీన్లో నాకు మా నాన్నే గుర్తొచ్చాడండి. అయినా వెళ్ళి రిపోర్టు ఇచ్చాను."

పత్రిక మళ్ళీ తెరిచి ఒక పేజీ తిప్పింది.

"శుక్రవారం ఆవిడ ఎటునుంచి వెళ్తుందో కనుక్కోమన్నారు నన్ను," అంది. "రేపు మధ్యాహ్నం నేను కాఫీ తాగుతాను. ఏం వినాలో మీ ఇష్టం."

ఆ సాయంత్రం ఫోనులో టైపిస్టు ఒక్కమాటే అంది. "పెద్దాయనకి చెప్పకు. వాడుకో." ఆ మాట అనడానికి ఆవిడకి ఎంత కష్టమైందో ఫిట్టరుకి తెలుసు. తను 'సరే' అనడానికీ అంతే పట్టింది.

గురువారం పొద్దున్నే హాల్లో, లేబుళ్ళ మెషీను చాటున, అక్కకి పెదాలతోనే చెప్పాడు. "రేపు పదింటికి. పెద్ద గేటు. పెద్దాయన ఇంకోలా చెప్తారు, తలూపండి."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఆయనా?"

"కాదు. మీ తమ్ముడూ కాదు. ఎవరూ కాదు. మీరు విమానం ఎక్కాక చెప్తాను."

మధ్యాహ్నం క్యాంటీన్లో, ఫిట్టరు ముందే తనకి ఒప్పజెప్పిన మాట మోసుకుని, పెద్దాయన లేబుళ్ళావిడ పక్కకి జరిగాడు. ఫిట్టరు కుడిచెవిలోంచి రిసీవరు తీసి జేబులో వేసుకున్నాడు. వినాలనుకున్నాడు. పెద్దాయన చేత్తో నోటికి అడ్డం పెట్టుకున్నాడు, ఎంతో జాగ్రత్తగా.

"అమ్మాయ్, రేపు పదకొండింటికి, వెనక గేటు, లేబుళ్ళ వ్యాను. ఈ సంగతి నీకూ నాకే. భయపడకు తల్లీ, నేనున్నాను."

కిటికీ దగ్గర కాఫీ కప్పు సాసర్లో మెత్తగా దిగింది.

శుక్రవారం పదింటికి పద్నాలుగు దేశాలనుంచి వచ్చిన యూనియన్ ప్రతినిధులు పెద్ద గేటు ముందు నిలబడ్డారు. డ్రైవర్లు, ప్యాకర్లు, బాయిలరు మనుషులు. ఎవరి భాష ఎవరికీ రాదు. కొందరికి చెవులూ లేవు, కాబట్టి భాష లేని లోటు పెద్దగా తెలియలేదు. అక్కని మధ్యలో పెట్టుకుని, చేతులు చేతులు కలుపుకుని, గోడ నడిచినట్టు నడిచి బస్సెక్కారు. ఆవిడకి తూటా తగలాలంటే ముందు పద్నాలుగు దేశాలకి తగలాలి.

పదకొండుకి అయిదు నిమిషాలు. ఫిట్టరు వెనక గేటు ఎదుటి నీళ్ళ ట్యాంకు మీద బోర్లా పడుకుని బైనాక్యులర్స్‌లో చూస్తున్నాడు. కింద వ్యాను ఖాళీగా ఉంది. ఇంజను మాత్రం ఆన్ చేసి వదిలారు. పక్క షెడ్డులో ఇద్దరు విదేశీ ఫొటోగ్రాఫర్లు, వాళ్ళ పక్కన తప్పించుకునే దారిలేక వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు. మోటార్‌సైకిలు రావాలి, ఖాళీ వ్యాను మీద తుపాకి తియ్యాలి, కెమెరాలు క్లిక్కుమనాలి. అంతే ప్లాను.

అప్పుడు పెద్దాయన వచ్చాడు.

ప్లానులో ఆయన లేడు. ఆ వేళకి ఆయన ఫిల్లర్ దగ్గర ఉండాలి. చేతిలో కాగితం పొట్లం. ప్రయాణంలో ఆ అమ్మాయి ఏం తింటుందో ఏమోనని రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు కట్టించుకొచ్చాడు. వ్యాను వెనక తలుపు ముందు నిలబడి, రోడ్డుకి వీపుపెట్టి, లోపలికి తొంగి చూస్తున్నాడు.

మలుపులో మోటార్‌సైకిలు కనపడింది.

"పెద్దాయనా! పక్కకి!" ఫిట్టరు గొంతు చించుకున్నాడు. జీవితంలో అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. పెద్దాయన మెడ కూడా తిప్పలేదు. పొట్లాన్ని వ్యాను లోపల సీటు మీద జాగ్రత్తగా పెడుతున్నాడు.

ఫిట్టరు ట్యాంకు మీద నిలబడి పిడికిలి తలపైకి ఎత్తాడు. లైను ఆపు. ఎవరైనా చూడండి, ఎవరైనా.

లోడింగ్ షెడ్డు తలుపులోంచి పాలెట్ ఎత్తుకుని వస్తున్న తమ్ముడు చూశాడు. ముందు పిడికిలిని, తర్వాత మోటార్‌సైకిలుని. ఆ హాల్లో పనిచేసినవాడు పిడికిలి చూశాక ఎందుకని అడగడు. ఫోర్క్‌లిఫ్టుని పూర్తి స్పీడులో తిప్పి, వెయ్యి సీసాల పాలెట్‌ని తీసుకొచ్చి పెద్దాయన వీపుకీ తుపాకికీ మధ్య ఆపాడు.

తూటాలు సీసాల్లో దిగాయి. తీపి నీళ్ళు నురగ కక్కుతూ నేలంతా పారాయి. అందులో జారి మోటార్‌సైకిలు పక్కకి పడింది. నాలుగో తూటా పాలెట్ దాటి వచ్చింది. తమ్ముడు స్టీరింగ్ మీదికి ఒరిగిపోయాడు.

కెమెరాలు క్లిక్కుమన్నాయి. ఈ ఫొటోలు పద్నాలుగు దేశాలకి వెళ్తాయని తెలిసిన ఇన్‌స్పెక్టరు చట్టాన్ని ఉన్నపళంగా గుర్తుచేసుకుని, పడ్డవాళ్ళిద్దరి మెడ మీదా మోకాలు పెట్టాడు. మూడోవాణ్ణి హోటల్లో పెట్టె సర్దుకుంటుండగా పట్టుకున్నారు. ఎర్ర బూట్లావిడ గది అప్పటికే ఖాళీ. ఆవిడ ఎటు వెళ్ళిందో, అసలు వెళ్ళగలిగిందో లేదో ఫిట్టరుకి ఇప్పటికీ తెలియదు.

అతను దిగి పరిగెత్తుకొచ్చేసరికి పెద్దాయన తమ్ముణ్ణి ఒళ్ళోకి తీసుకుని గాజు పెంకుల్లో కూర్చున్నాడు. భుజంలో తూటా. మొహమంతా గాజు గాట్లు. ప్రాణం ఉంది.

"వీళ్ళకి వ్యాను సంగతి ఎలా తెలిసిందయ్యా?" అన్నాడు పెద్దాయన. "నేను ఆ అమ్మాయికి తప్ప ఇంకెవరికీ..."

ఆగాడు. ఫిట్టరు మొహంలోకి చూశాడు. పెదాలు చదవడంలో ముప్ఫై ఒక్క ఏళ్ళ అనుభవం ఆయనది. కదలని పెదాల్ని కూడా చదివాడు.

"నేనేనా?"

ఫిట్టరు వంగి తమ్ముడి భుజానికి రుమాలు అదిమాడు.

"గుసగుసగా చెప్పానయ్యా," అన్నాడు పెద్దాయన, గుసగుసగా. ఆ మాటకి గేటు అవతల రోడ్డు దాటుతున్న మనుషులు ఆగి వెనక్కి చూశారు. ఆయన వాళ్ళని చూశాడు, ఒక్కొక్కరినీ. "గేటు సంగతి కూడా... వాడికి పక్క గేటు చెప్పింది నేను. వాడు నా మాట విని..."

"టేబుల్ కింద మైకు పెట్టారు," అన్నాడు ఫిట్టరు.

"ఎందుకయ్యా అబద్ధం. నీకు చేతకాదు." ఒళ్ళోని తల మీదినుంచి గాజు ముక్క ఏరి పక్కన పెట్టాడు. "ఆ అమ్మాయికి ఫోను కలుపు. వీడు కాదని నేనే చెప్పాలి."

ఎయిర్‌పోర్టుకి ఫోను కలిసింది. ఆయన అన్నీ చెప్పాడు. మూడు వీధులకి వినపడేలా చెప్పాడు, దేన్నీ దాచుకోకుండా, తన తప్పుని తక్కువ చేసుకోకుండా. చెప్పాక ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాడు. అవతల ఆవిడ ఏమంటోందో ఆయనకి వినపడలేదు. ఫోనుకి పెదాలుండవు కదా.

ఫిట్టరు అందుకుని కుడిచెవి దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు ఏడుపే వినిపించింది.

"అక్క ఏమంటోంది?" తమ్ముడి పెదాలు కదిలాయి.

"ఏ చేతికి తగిలిందిరా అంటోంది."

తమ్ముడు మంచి చేతిని ఎత్తి చూపించాడు, ఆవిడకి కనపడుతుందన్నట్టు.

"నాకేమంది?" అన్నాడు పెద్దాయన.

ఫిట్టరు విన్నాడు. మళ్ళీ విన్నాడు. "పొట్లం కట్టించినందుకు... ఈసారి వచ్చినప్పుడు తింటాను అంటోంది."

అది ఆవిడ అన్నమాటో, అతనికి ఎట్టకేలకు చేతనైన అబద్ధమో అతనికీ ఆవిడకే తెలుసు.

శనివారం ఆవిడ లేబుళ్ళు చదివింది. ఆదివారం మొదటి షిఫ్టు పద్నాలుగు దేశాల్లో ఆగిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఆసుపత్రిలో లేచి కూర్చున్నాడు. పెద్దాయన రాజీనామా పంపితే యూనియన్ తిప్పి పంపింది. మళ్ళీ పంపితే మళ్ళీ తిప్పి పంపింది. ఆయన ఇప్పటికీ ప్రెసిడెంటే. కాకపోతే ఆ శుక్రవారం తర్వాత ఆయన నోటివెంట మాట రాలేదు. ఇంట్లో మనవరాలితో కూడా చేతుల్తోనే మాట్లాడతాడు. ఆ పిల్ల అన్నీ నేర్చుకుంటోందట.

టైపిస్టు తీర్మానాన్ని నాలుగు ముక్కలుగా చింపి, ఫిట్టరు ఇచ్చిన రిపోర్టు అందుకుంది. 'సమాచారం బయటపెట్టినవారు' అన్న గడి దగ్గర ఆగిపోయింది. అక్కడ పేరు లేదు. ఫిల్లర్ మెషీను మోడల్ నంబరు, తయారైన సంవత్సరం రాసి ఉన్నాయి.

ఆవిడ చాలాసేపు దానికేసి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, అద్దాల్ని కాదు, కళ్ళని.

"దీన్ని పట్టుకుని బోనెక్కించడం కష్టమయ్యా."

"కష్టమే," అన్నాడు ఫిట్టరు. "కింద పన్నెండు బోల్టులున్నాయి."